మిషను కంటే ముందు మీటరు చూడండి

దాళ్వా కోతలు ముగిసి సార్వా దమ్ములు మొదలయ్యేలోపు మా వెల్డింగు షాపులో తీరిక ఉండదు. కల్టివేటరు కాళ్లు, ట్రక్కు తలుపులు, కేజ్ వీల్స్, గొడ్లపాక గేట్లు అన్నీ అప్పుడే వస్తాయి. ఈమధ్య వాటితోపాటు ఒక ప్రశ్న కూడా వస్తోంది. "నేనే ఒక మిషను కొనుక్కుంటే ఎలా ఉంటుంది? ఏది కొనమంటావు?" నా బేరం పోతుందేమోనని మొహమాటపడుతూ అడుగుతారు. పోదు. ఒక పట్టీ ఊడినందుకు దమ్ము మధ్యలో ట్రాక్టరు ఆపుకొని, నా దగ్గర వరసలో కూర్చునే రైతుని చూస్తే నాకే మనసొప్పదు. అలాంటి పని ఇంటి దగ్గర అయిపోవాలి. అందుకని అడిగినవాళ్లకి చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు మిషను సంగతి పక్కన పెట్టి, మీ ఇంట్లో వోల్టేజి ఎంత వస్తుందో చూడండి. నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో. మా మేస్త్రి కొత్త చోట పనికి వెళ్తే రాడ్డు ముట్టుకునే ముందు టెస్టరు పెట్టి చూసేవాడు. "ఒరే, ఇనుము సంగతి తర్వాత. ముందు కరెంటు సంగతి తెలుసుకో" అనేవాడు. మల్టీమీటరుతో సాయంత్రం ఏడు గంటలప్పుడు, ఊరంతా కరెంటు వాడుతున్నప్పుడు చూడండి. తర్వాత ఇంట్లో గీజరో ఇస్త్రీపెట్టో వేసి అదే ప్లగ్గులో మళ్లీ చూడండి. అది వెయ్యగానే పది పదిహేను వోల్టులు పడిపోతే మీ సర్వీసు వైరో ఇంటి వైరింగో సన్నగా ఉందని అర్థం. ఆ వైరు మార్చకుండా ఎంత మంచి మిషను తెచ్చినా రాడ్డు అతుక్కుపోతూనే ఉంటుంది. నింద మాత్రం మిషను మీద పడుతుంది.

ఇప్పుడు లెక్క చెప్తాను, జాగ్రత్తగా వినండి. ఇంట్లో పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది ఇవ్వగలిగింది మూడున్నర కిలోవాట్ల పైచిలుకు. పవర్ ఫ్యాక్టరు దగ్గర కొంత, మిషనులో వేడి కింద కొంత పోగా రాడ్డు కొసకి చేరేది దాదాపు 90 నుంచి 100 ఆంపియర్లు. మన వాడుకలో 12 నంబరు రాడ్డు అంటే రెండున్నర మిల్లీమీటర్లది. దానికి 60 నుంచి 90 చాలు. 10 నంబరు అంటే 3.15 మిల్లీమీటర్లది, దానికి 90 నుంచి 130 కావాలి. 8 నంబరు, అంటే 4 మిల్లీమీటర్లది, 140 పైన అడుగుతుంది. కాబట్టి ఇంటి ప్లగ్గు మీద 12 నంబరు హాయిగా కాలుతుంది, 10 నంబరు అంచు మీద కాలుతుంది. 8 నంబరు ఆ ప్లగ్గుతో కాదు. మిషను మీద 200 అని రాసి ఉన్నా, 250 అని రాసి ఉన్నా ఇంతే.

నిజంగా 200 ఆంపియర్లు ఇచ్చే మిషను పూర్తిగా తిప్పితే మీటరు నుంచి 30 ఆంపియర్లకి తక్కువ లాగదు, చాలా మిషన్లు 40 దాకా పోతాయి. దానికి వేరే ఎం.సి.బి., 6 స్క్వేరు వైరు, ఇండస్ట్రియల్ ప్లగ్గు కావాలి. మీ కరెంటు బిల్లు తీసి అందులో లోడు ఎన్ని కిలోవాట్లని ఉందో చూడండి. ఒకటో రెండో ఉంటే ముందు అదనపు లోడుకి దరఖాస్తు పెట్టుకోండి. కొనే ఖర్చులో దాన్నీ కలుపుకోవాలి.

పొలంలో త్రీ ఫేజు ఉంది కదా, అక్కడే తగిలిస్తానంటారు కొందరు. వద్దు. ఆ కనెక్షను మోటారు కోసం ఇచ్చింది. వేరే పనికి వాడితే విద్యుత్ చట్టంలో 126వ సెక్షను కింద జరిమానా పడుతుంది. దానికంటే ముందు మిషనే పోవచ్చు. మా వైపు రైతు ఒకాయన కొత్తగా కొన్న చిన్న ఇన్వర్టరుని మోటారు షెడ్డులో స్టార్టరు దగ్గర రెండు ఫేజులు లాగి తగిలించాడు. స్విచ్చి వేయగానే టప్పుమని పేలి పొగ వచ్చింది. రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు ఉంటాయి. లోపల కెపాసిటర్ల మీదకొచ్చేసరికి అది 580 దాటుతుంది. 230 కోసం చేసిన మిషన్లలో ఆ కెపాసిటర్లు మామూలుగా 400, 450 వోల్టులవి. రెండు రకాల కరెంటు మీదా నడిచే మిషన్లు వేరే ఉన్నాయి. పెట్టె మీద 230/415 అని రాసి ఉంటేనే తగిలించాలి.

ఇక మిషన్లు. నేను పని నేర్చుకున్నది పాత ట్రాన్స్‌ఫార్మరు మిషను మీద. రాగి వైండింగు, కింద చక్రాలు, కదపాలంటే ఇద్దరు కావాలి. దాని మీద నాకు చాలా గౌరవం. దుమ్ముకి చెదరదు, వానాకాలం చెమ్మకి బెదరదు, కాలినా వైండింగు చేయించి మళ్లీ తెచ్చుకోవచ్చు. రోజంతా కాల్చే షాపుకి ఇప్పటికీ అది మంచి మిషనే. కానీ ఇంటికి పనికిరాదు. రాడ్డు దగ్గర 100 ఆంపియర్లు కావాలంటే అది మీటరు దగ్గర సుమారు 35 లాగుతుంది. మంట తీసుకునేది 24 వోల్టులే అయినా అది 80 వోల్టుల చుట్ట నుంచి ఇస్తుంది, అందుకని. అదే మంటకి ఇన్వర్టరు అందులో సగంతో సరిపెట్టుకుంటుంది. పక్కింటి బల్బులు మిణుకుమనకుండా వెల్డింగు చేయాలంటే ఇన్వర్టరే.

కాబట్టి ఇంటికీ పొలానికీ సింగిల్ ఫేజు ఇన్వర్టరు ఆర్కు మిషను కొనండి. చేత్తో మోసుకుపోవచ్చు, డీసీ ఇస్తుంది, మంట నిలకడగా ఉంటుంది. సీఓటూ మిషను బాగుంటుందట కదా అని అడుగుతారు. షాపులో గ్రిల్లులు చేయడానికి బాగుంటుంది. పొలం గట్టు మీద గాలి కొడితే గ్యాసు చెదిరిపోయి వెల్డంతా బెజ్జాలు పడుతుంది. సిలిండరు అయిపోతే టౌనుకి పరిగెత్తాలి. తుప్పునీ రంగునీ అది సహించదు, రైతు ఇనుముకి ఆ రెండూ తప్పవు. గ్యాసు లేకుండా ఫ్లక్స్ వైరుతో నడిచేవి వచ్చాయి కానీ ఏడాదికి ఏ పదిసార్లో వాడేవాళ్లకి ఆ చుట్ట మూలన తుప్పు పడుతుంది. టిగ్గు మాట అసలే వద్దు.

షాపులో మిషనుని ఎలా చూడాలో చెప్తాను. ముందు వెనక పలక చదవండి. పెట్టె మీద పెద్ద అక్షరాలు అమ్మేవాడివి, పలక మీద చిన్న అక్షరాలే మిషనువి. అందులో ఎక్స్ అనే గుర్తు దగ్గర శాతం ఉంటుంది. 60 శాతం అంటే 10 నిమిషాల్లో 6 నిమిషాలు కాల్చి 4 నిమిషాలు ఆపాలి. దాని కింద ఎన్ని ఆంపియర్ల దగ్గర ఆ శాతమో ఉంటుంది. 200 దగ్గర 20 శాతమే ఉన్నా 120 దగ్గర 60 ఉంటే మీకు చాలు. ఒక రాడ్డు నిమిషం, నిమిషంన్నర కాలుతుంది. తర్వాత చిట్టెం కొట్టాలి, బ్రష్షు వేయాలి, ఇంకో రాడ్డు పెట్టాలి. ఆ విరామం మిషనుకి సరిపోతుంది. యూ సున్నా అని ఉన్నచోట మంట వెలిగించక ముందు వోల్టేజి ఉంటుంది. 60కి తక్కువైతే రాడ్డు అంటించడం కొత్తవాళ్లకి ఇబ్బంది. ఎంతకి పడిపోయినా నడుస్తుందో కూడా అడగండి. 170, 180 దగ్గర కూడా నడిచేది పల్లెకి కావాలి.

తర్వాత మీ సొంత రాడ్లు, ఒక పాత ఇనప ముక్క వెంట తీసుకెళ్లండి. 110 దగ్గర పెట్టి రెండు 10 నంబరు రాడ్లు ఆపకుండా కాల్చమనండి. ఎవరైనా ఎలక్ట్రీషియను దగ్గర డీసీ చూపే టాంగ్ టెస్టరు ఉంటే అరువు తెచ్చి హోల్డరు వైరుకి వేయండి. డిస్‌ప్లే 160 చూపిస్తూ వైరులో 110 మాత్రమే పారే మిషన్లు నేను చూశాను. ఐజీబీటీయా, మాస్‌ఫెట్టా అన్న వాదన పెట్టుకోవద్దు. రెండూ పనిచేస్తాయి. హాట్ స్టార్టు, యాంటీ స్టిక్కు ఉంటే మంచిది. మొదటిది రాడ్డు అంటుకోవడానికి కాస్త ఎక్కువ తోస్తుంది, రెండోది రాడ్డు ఇనుముకి పట్టేస్తే కరెంటు తగ్గించి విడిపిస్తుంది.

వైరు మీద బ్లేడుతో గీయండి. పైన రాగి రంగు, లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. తక్కువ ధర మిషన్లతో వచ్చే హోల్డరు వైరు, ఎర్తు వైరు చాలావరకు అవే. మిషను ధరలో కొంత తగ్గించుకొని అయినా అసలు రాగి కేబులు, గట్టి ఎర్తు క్లాంపు కొనండి. సరిగా కాలని వెల్డుల్లో చాలావాటికి వదులు ఎర్తే కారణం.

ఆఖరుగా, దాన్ని బాగుచేసేవాడు మీకు ఎంత దూరంలో ఉన్నాడో తెలుసుకోండి. బ్రాండు పేరు కంటే ఇది నాకు ముఖ్యం. ఆటోనగర్‌లో ఒక కుర్రాడు నా మిషన్ల కార్డులు బాగుచేస్తాడు. స్పేరు దొరికే మిషను తెస్తే పూటలో చేసి ఇస్తాడు, దొరకనిది తెస్తే చేతులెత్తేస్తాడు. ఇన్వర్టర్లు ఎందుకు పోతాయో అతనే నాకు చెప్పాడు. పక్కనే గ్రైండరు వేస్తే ఫ్యాను ఆ ఇనప రజను లోపలికి లాక్కుంటుంది. బల్లులు, చీమలు వెచ్చదనానికి దూరి కార్డు షార్టు చేస్తాయి. యూరియా బస్తాల పక్కన పెడితే రాగి పచ్చగా చిలుము పడుతుంది. కాబట్టి గ్రైండరు నాలుగు గజాల అవతల వేయండి, మిషనుని ఎరువుల కొట్లో కాక ఇంట్లో మూత ఉన్న డబ్బాలో పెట్టండి, పని లేకపోయినా నెలకోసారి కాసేపు ఆన్ చేయండి. చెమ్మ ఆరిపోతుంది.

మాస్కు, చేతులకి తోలు గ్లవుజులు, కాళ్లకి బూట్లు మిషనుతోపాటే కొనాలి, తర్వాత కొందామంటే కుదరదు. నల్లద్దం 10 లేదా 11 నంబరుది. ఆటో డార్కు మాస్కు కొత్తవాళ్లకి మంచిది, రాడ్డు ఎక్కడ అంటిస్తున్నారో కనిపిస్తుంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఒక్క టాకానే కదా అనుకుంటే ఆ రాత్రి కళ్లలో ఇసక పోసినట్టు ఉంటుంది. బంగాళదుంప ముక్కలు, చనుబాలు అని చిట్కాలు చెప్తారు. అవన్నీ మాని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. పాలిస్టరు చొక్కా వేసుకోకండి, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి పట్టుకుంటుంది. తడి నేల మీద, బోరు దగ్గర నీళ్లలో నిలబడి వెల్డింగు చేయవద్దు. చెక్క బల్ల వేసుకుని నిలబడండి. జీఐ పైపు అతకాల్సి వస్తే ముందు పైన జింకు పూత గ్రైండరుతో తీసేసి, గాలి వాటానికి ఎదురుగా కాక పక్కగా నిలబడండి. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

రాడ్ల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మిషను ఒకసారి కొంటారు, రాడ్లు ఎప్పుడూ కొంటారు. గేటు, ట్రక్కు తలుపు, యాంగ్లర్, స్క్వేరు పైపు లాంటి మామూలు ఇనుముకి 6013 రాడ్డు. సన్నరేకుకి 12 నంబరు తీసుకుని, హోల్డరుని మైనస్‌కి మార్చి, నిలువునా పైనుంచి కిందికి గబగబా లాగితే బెజ్జం పడదు. కల్టివేటరు కాళ్లలాంటి గట్టి ఉక్కుకి 7018 కావాలి, హోల్డరు ప్లస్‌లో ఉండాలి. అది చెమ్మ పీలిస్తే పనికిరాదు. మన డెల్టాలో వానాకాలం గాలిలో విప్పిన ప్యాకెట్టు ఇట్టే చెమ్మ లాగుతుంది. మా మేస్త్రి ఒక రేకు పెట్టెలో పాత 60 వాట్ల బల్బు ఎప్పుడూ వెలిగించి అందులో రాడ్లు పెట్టేవాడు. పొడి రాడ్డు పొడిగా ఉండడానికి అది చాలు. ఒకసారి తడిసిన 7018ని మాత్రం ఆ బల్బు బాగుచేయలేదు, 250 డిగ్రీల పైన ఓవెనులో కాల్చాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకి 308 రాడ్డు, అదే ఇన్వర్టరు మీద కాలుతుంది.

అసలు పని రాడ్డు అంటించక ముందే సగం అయిపోవాలి. రంగు, తుప్పు, గ్రీసు గ్రైండరుతో మెరిసేదాకా తీయండి. పగులు ఉంటే దాని కొసన చిన్న బెజ్జం వేయండి, అక్కడితో ఆగుతుంది. తర్వాత పగులు పొడవునా వీ ఆకారంలో గాడి తీయండి. పగులు మీద నుంచి అందంగా గీత గీస్తే లోపల ఇనుము అతకదు. ఒక కుర్రాడు ట్రక్కు హుక్కు విరిగితే గాడి తీయకుండా ఇంట్లోనే పైపైన అతికాడు. ధాన్యం బస్తాలతో కాలవ గట్టు ఎక్కుతుంటే హుక్కు ఊడి ట్రక్కు వెనక్కి జారింది. వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. వాళ్ల నాన్న ఆ హుక్కు నా దగ్గరికి తెచ్చాడు. చూస్తే వెల్డు పైన రెండు మిల్లీమీటర్లే పట్టింది, లోపల ఇనుము పాత పగులుతో నల్లగా అలాగే ఉంది.

అందుకే కొన్ని పనులు ఇంటి దగ్గర వద్దంటాను. ట్రక్కు హుక్కు, ఇరుసు, స్టీరింగు, బ్రేకులకి సంబంధించినవి, మనిషి తల మీదకొచ్చే వాటరు ట్యాంకు స్టాండు ఇవన్నీ షాపుకి తీసుకెళ్లండి. ఖాళీ డీజిలు డ్రమ్ము, ట్యాంకు అసలు ముట్టుకోవద్దు. ఖాళీ అనుకున్నదాంట్లోనే ఆవిరి ఉంటుంది, రాడ్డు తగిలితే పేలుతుంది. ట్రాక్టరు మీదే వెల్డింగు చేయాల్సి వస్తే బ్యాటరీ మైనస్ వైరు విప్పండి, ఆల్టర్నేటరు వైర్లు కూడా విప్పండి. ఎర్తు క్లాంపు వెల్డుకి జానెడు దూరంలోనే పెట్టండి. ఎక్కడో చక్రానికి పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని చెడగొడుతుంది.

పోత ఇనుము కూడా షాపు పనే. ఆ పనే నాకు మేస్త్రి దగ్గర పేరు తెచ్చింది. పాత ఆయిలింజను కాలొకటి విరిగి వచ్చింది. అప్పటిదాకా గ్రిల్లులకి టాకాలు వేస్తూ ఉన్న నన్ను పిలిచి, "ఇది నువ్వు చెయ్యి, నేను చూస్తా" అన్నాడు. గాడి తీసి, బ్లో ల్యాంపుతో ఆ చుట్టూ వేడిచేసి, నికెలు రాడ్డుతో అంగుళం అంగుళం చొప్పున వేశాను. ప్రతి అంగుళానికీ ఆపి, ఎర్రదనం తగ్గక ముందే గుండ్రటి సుత్తితో మెల్లగా దరువు వేయాలి. అలా కొడితే ఇనుము చల్లారుతూ ముడుచుకునేటప్పుడు పక్కన పగలదు. తొందరపడిన ప్రతిసారీ మేస్త్రి నా మణికట్టు పట్టుకుని ఆపాడు. అయ్యాక ఊక బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేశాం. తెల్లారి తీసి సుత్తితో కొడితే గంటలా ఖంగుమంది. పగులు ఉంటే ఆ మోత రాదు. ఇంజను యజమానితో మేస్త్రి, "ఇది మా కుర్రాడు చేశాడు" అని చెప్పాడు. పోత ఇనుము ఇప్పటికీ నేను ఊక బూడిదలోనే ఆరబెడతాను.

ఇంత విన్నాక కొంటే, మొదటి ప్యాకెట్టు రాడ్లు మొత్తం పాత యాంగ్లర్ ముక్కల మీద కాల్చండి. ఏ సొంత వస్తువు మీదా కాదు. రాడ్డుని ఇనుముకి దాని మందమంత దూరంలోనే ఉంచండి, మంట వెనక కరిగిన ఇనుము చెరువు కడుతుంది, చూపు దాని మీద ఉండాలి, మంట మీద కాదు. రెండు ముక్కలు అతికి చల్లారాక వైసులో బిగించి సుత్తితో వంచండి. వెల్డు తెగకుండా ఇనుము వంగితే మీ ట్రక్కు తలుపు మీద చేయి పెట్టవచ్చు. తెగితే ఆ తెగిన ముక్క పారేయకుండా దగ్గర్లో ఏ వెల్డింగు షాపుకైనా పట్టుకెళ్లి చూపించండి. పనిమంతుడు దాన్ని చూడగానే కరెంటు తక్కువైందో, చేయి తొందరపడిందో చెప్తాడు.